పెరట్లో పావుగంట

(శ్రీకాకుళంలో ఫిబ్రవరి మొదటి వారంలో, ఒక ఆదివారం సాయంత్రం, విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వెనక బెంచీల మీద సర్దుకుని కూర్చున్న పిల్లలకు, ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన తల్లులకు నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న ప్రశ్న. ఈ రోజు పొద్దున్న నిద్ర లేచి బయటికి వచ్చాక మీరు ఏ పక్షిని చూశారు? ఎవరో పావురం అన్నారు. ఇంకెవరో గోరింక అన్నారు. అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చున్న బాబు, "ఏమీ చూడలేదండీ, కాకులు తప్ప" అన్నాడు. ఆ మాట మరోసారి వినండి. ఏమీ చూడలేదు, కాకులు తప్ప. ఈ సాయంత్రం నేను మీతో మాట్లాడదలచుకున్నదంతా ఆ "తప్ప" గురించే. బాబూ, నువ్వేమీ తప్పు అనలేదు. నేను కూడా ముప్ఫై ఏళ్ళ కిందట సరిగ్గా అదే మాట అనేవాణ్ణి. అనడమే కాదు, అలాగే రాసుకునేవాణ్ణి కూడా. అందువల్ల నేనేం పోగొట్టుకున్నానో ముందు చెబుతాను.

1991లో నాకు టెక్కలి దగ్గర ఒక ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. పెంకుటింట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. నాకు అప్పట్లో పక్షుల ధ్యాస కొత్త. సైకిలు వేసుకుని తేలినీలాపురం వెళ్ళి గూడబాతులను చూసేవాణ్ణి, ఎర్రకాళ్ళ కొంగలను చూసేవాణ్ణి. నౌపడ ఉప్పు మడుల గట్ల మీద గంటల తరబడి నిలబడి, బురదలో పరుగులు తీసే ఉల్లంకి పిట్టలను చూసేవాణ్ణి. చూసినవన్నీ ఒక పెద్ద నోటు పుస్తకంలో, తేదీ వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఆ ఇంటి పెద్దమ్మగారు ఏటా కోతలయ్యాక కొత్త వరి కంకులను అందంగా జడలా అల్లి, కుచ్చుగా కట్టి, వసారాలో దూలానికి వేలాడదీసేవారు. ఎందుకు? పిచ్చుకల కోసం. నేను ఆ వసారాలోనే, ఆ కుచ్చు కిందనే కూర్చుని రాసుకునేవాణ్ణి. పైన పిచ్చుకలు గింజ ఒలుచుకుని తింటుంటే ఊక నా పుస్తకం మీద రాలేది. ఒక చేత్తో ఊక తుడుచుకుంటూ, ఇంకో చేత్తో గూడబాతుల గురించి రాసేవాణ్ణి. పోయిన ఏడాది ఒక అవసరం వచ్చి ఆ పుస్తకం తీశాను. ఆ ఊళ్ళో, ఆ ఇంట్లో, ఆ రోజుల్లో పిచ్చుకలు ఎన్ని ఉండేవో చూద్దామనుకున్నాను. మూడేళ్ళ పుస్తకం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాను. పిచ్చుక అన్న మాట ఒక్క చోట కూడా లేదు. ఒక్క చోట కూడా! రెండు కాగితాల మధ్య ఒక వరి పొట్టు మాత్రం అంటుకుని ఉంది.

ఇప్పుడు ఎవరైనా వచ్చి, "మాస్టారూ, అప్పుడు అక్కడ పిచ్చుకలు ఎన్ని ఉండేవి?" అని అడిగితే నేనేం చెప్పాలి? బోలెడు ఉండేవి అని చెప్పాలి. బోలెడు అంటే ఎన్ని? పదా, నలభయ్యా? ఏడాది పొడుగునా ఉండేవా, కోతల తరువాతే వచ్చేవా? నా జ్ఞాపకంలో కిచకిచలు ఉన్నాయి, లెక్క లేదు. ఆ లెక్క రాయగలిగిన మనిషిని ఆ వసారాలో నేను ఒక్కణ్ణే. నేను రాయలేదు కాబట్టి అది ఇక ఎప్పటికీ ఎవరికీ దొరకదు. ఎంత డబ్బు పెట్టినా, ఎంత గొప్ప యంత్రం తెచ్చినా, ఎంత పెద్ద శాస్త్రవేత్త వచ్చినా దొరకదు.

ఇది నా ఒక్కడి పుస్తకంతో పోయే విషయమైతే మిమ్మల్ని ఇంతదూరం రమ్మని పిలిచేవాణ్ణి కాదు. రాబందుల సంగతి తీసుకోండి. ఇక్కడ అరవై దాటినవారు ఎంతమంది ఉన్నారు? ఊరి బయట చచ్చిన గొడ్డును వేసే చోటు మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ వాలే రాబందులు గుర్తున్నాయా? పిల్లలూ, చేతులెత్తిన ఈ పెద్దలను ఇంటికి వెళ్ళేటప్పుడు అడగండి, చెబుతారు. అవి అంత మామూలు పక్షులు కాబట్టే వాటిని లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992కీ 2007కీ మధ్య దాదాపు 99.9 శాతం తగ్గిపోయాయి. అంటే వెయ్యి ఉన్న చోట ఒకటి మిగిలింది. ఈ సంగతి శాస్త్రలోకానికి గట్టిగా తెలియడానికి ఒక ముఖ్యమైన కారణం, రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1980లలో రాబందులను లెక్కపెట్టి ఉండటం. పదేళ్ళ తరువాత అదే చోట మళ్ళీ లెక్కపెట్టినప్పుడు తేడా ఆయన కళ్ళ ఎదుట నిలబడింది. పాత లెక్క ఉంది కాబట్టి కొత్త లెక్కకు అర్థం వచ్చింది. ఆ తరువాత, పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ అనే మందు కళేబరం ద్వారా రాబందుల కడుపులోకి చేరి, వాటి మూత్రపిండాలను పాడుచేస్తోందని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అప్పటికే చాలా ఆలస్యమైపోయింది. మన జిల్లాలో ఊరూరా ఉండే రాబందులకు ఏ భరత్‌పూర్ లెక్కా లేదు, ఆ గొడ్డు వేసే చోటు పక్క నుంచి రోజూ నడిచివెళ్ళినవారి జ్ఞాపకాలు తప్ప.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. అరుదైన పక్షి కోసం ఎక్కడికో వెళ్ళమని కాదు. మీ పెరట్లో రోజూ కనిపించే పక్షిని, కనిపిస్తుండగానే, రాసి పెట్టండి.

రాసి పెడితే ఏమవుతుంది? ఇది న్యాయమైన ప్రశ్నే. పనివాళ్ళు, ఉద్యోగులు, చదువుకునే పిల్లలు, ఇల్లు చూసుకునే ఆడవాళ్ళు రాసిన కాగితాల్లోంచి శాస్త్రం పుడుతుందా? పుడుతుంది, పుట్టింది కూడా. 2023 ఆగస్టులో మన దేశపు పక్షుల స్థితిగతుల మీద ఒక నివేదిక వచ్చింది. 942 రకాల పక్షులను అందులో పరిశీలించారు. దానికి ఆధారం ఏమిటో తెలుసా? సుమారు 30 వేల మంది స్వచ్ఛందంగా పంపిన 3 కోట్లకు పైగా పరిశీలనలు. ఆ 30 వేల మందిలో అత్యధికులకు ఇది ఉద్యోగం కాదు. మీలాంటివారే, నాలాంటివారే.

ఆ నివేదికలో నన్ను బాగా కదిలించిన అంకె మరొకటి ఉంది. 942 రకాలలో, దీర్ఘకాలంలో పెరిగిందా తగ్గిందా అని చెప్పగలిగింది 338 రకాల గురించి మాత్రమే. వాటిలో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. తగ్గినవాటి సంఖ్య చూసి బాధపడతాం, పడాలి కూడా. కానీ నేను మిమ్మల్ని ఇంకో వైపు చూడమంటున్నాను. 942లోంచి 338 తీసేయండి. 604. ఆ 604 రకాల గురించి ముప్ఫై ఏళ్ళ నాటి సంగతి చెప్పడానికి సరిపడా పాత లెక్కలు లేవు. ఎందుకు లేవు? నాలాంటివాళ్ళు వసారాలో కూర్చుని ఊక తుడుచుకున్నారు కాబట్టి లేవు.

పిచ్చుకల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కడికి వెళ్ళినా ఇదే అడుగుతారు. సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోతున్నాయి కదా అని. ఇందాక చెప్పిన నివేదికల వరసలో 2020లో వచ్చిన మొదటిది ఈ విషయాన్ని ప్రత్యేకంగా పరిశీలించింది. దేశం మొత్తం మీద పిచ్చుకలు పాతికేళ్ళకు పైగా ఇంచుమించు నిలకడగానే ఉన్నాయని, హైదరాబాదు, చెన్నై, ముంబయి వంటి ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గాయని తేల్చింది. టవర్ల మాటకు తగిన ఆధారం దొరకలేదని కూడా చెప్పింది. పిల్లలకు పెట్టడానికి పురుగులు దొరకకపోవడం, గూటికి తగిన సందులు లేకపోవడం వంటి కారణాలు నగరాల్లో ఎక్కువ పనిచేస్తూ ఉండవచ్చు. చూరు లేని ఇంట్లో, పెంకు సందు లేని ఇంట్లో పిచ్చుక గూడు ఎక్కడ పెడుతుంది చెప్పండి? అయితే ఇది దేశం మొత్తానికి వచ్చిన లెక్క. ఆమదాలవలసలో ఏం జరుగుతోంది? పొందూరులో? సోంపేటలో? దేశం లెక్క చూసి మన వీధి సంగతి చెప్పలేం. మన వీధి సంగతి మనమే చెప్పాలి.

పాలపిట్ట ఇంకో రకం. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మన పెద్దలు వెతుక్కుంటూ పొలాలకు వెళ్ళేవారు. ఉమ్మడి రాష్ట్రంలో అది మన రాష్ట్ర పక్షి. 2018లో మన రాష్ట్రానికి రామచిలుకను ఎంచుకున్నారు. పాలపిట్ట ఎక్కడబడితే అక్కడ తీగ మీద కనిపించేదే కదా, దానికేం కష్టమొచ్చింది అనుకుంటాం. కానీ దాని సంఖ్య తగ్గుతున్న తీరు చూసి, అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ జాబితాలో దాని స్థితిని మళ్ళీ పరిశీలించాలని 2023 నివేదిక సూచించిన 14 రకాలలో పాలపిట్ట ఒకటి. అదే నివేదికలో నెమళ్ళు, కోకిలలు బాగా పెరిగాయని కూడా ఉంది. లెక్క అంటే ఎప్పుడూ చెడ్డ కబురే కాదు.

ఈ పని ఎలా మొదలైందో క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో క్రిస్మస్ నాడు జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ పిట్టలను కాల్చారో పోటీ పడే ఆచారం ఒకటి ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, కాల్చవద్దు, లెక్కపెడదాం రండి అన్నాడు. ఆ ఏడు 27 మంది 25 చోట్ల లెక్కపెట్టారు. అది ఇప్పటికీ ఆగలేదు. 1998లో కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ, ఆడుబన్ సొసైటీ అనే పక్షి సంరక్షణ సంఘం కలిసి, ఇంటి పెరట్లోనే కూర్చుని లెక్కపెట్టే నాలుగు రోజుల కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. దాని పేరు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. 2013 నుంచి అది ప్రపంచమంతా జరుగుతోంది, మన దేశంలోనూ అప్పటినుంచే. ఏటా ఫిబ్రవరి మధ్యలో, శుక్రవారం నుంచి సోమవారం దాకా. అంటే మరో వారం పది రోజుల్లో. ఇలాంటి స్వచ్ఛంద లెక్కలన్నీ దశాబ్దాల పాటు పోగుపడ్డాయి కాబట్టే, ఉత్తర అమెరికాలో 1970 నుంచి సుమారు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో శాస్త్రవేత్తలు చెప్పగలిగారు. తగ్గినవి ఎక్కువగా ఏవి? పిచ్చుక జాతి చిన్న పిట్టలు. పెరటి పిట్టలు.

"ఈ పని శాస్త్రవేత్తలే చేయవచ్చు కదా" అని మీరు అడగవచ్చు. ఎంతమంది ఉన్నారమ్మా మన దేశంలో పక్షి శాస్త్రవేత్తలు? వారికి అడవికి వెళ్ళడానికి అనుమతి దొరుకుతుంది. మీ పెరట్లోకి రావడానికి ఎవరు అనుమతిస్తారు? పొద్దున్న ఆరింటికి ఒక కొత్త మనిషి దుర్భిణి పట్టుకుని మీ గోడ మీంచి చూస్తే ఊరుకుంటారా? మీ జామచెట్టు, మీ బావిగట్టు, మీ పశువుల పాక, ఇవి దేశంలో ఏ పరిశోధన సంస్థా చేరలేని చోట్లు. మీరు మాత్రం అక్కడే ఉన్నారు. కేరళవాళ్ళు ఈ బలాన్ని గ్రహించారు. 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు రాష్ట్రమంతా గళ్ళుగా విడగొట్టుకుని, గడి గడికీ వెళ్ళి, 361 రకాల పక్షుల గురించి సుమారు 3 లక్షల నమోదులతో ఒక అట్లాసు తయారుచేశారు. తమిళనాడులో సంక్రాంతి పండుగ రోజుల్లోనే పక్షుల లెక్క పెడుతున్నారు. మన సంక్రాంతికి గాలిపటాలు, గొబ్బెమ్మలు, కోళ్ళు ఉన్నాయి. ఒక పావుగంట పిట్టలకు కూడా దొరకదా?

ఇక చేయవలసిన పని. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే విషయమంతా ఇందులోనే ఉంది.

ఒక చోటు ఎంచుకోండి. కనీసం పావుగంట అక్కడే ఉండండి. ఎప్పుడు మొదలుపెట్టారో, ఎంతసేపు ఉన్నారో రాయండి. ఆ సమయంలో మీరు చూసిన, విన్న, గుర్తుపట్టగలిగిన ప్రతి రకాన్నీ, ఎన్ని ఉన్నాయో సంఖ్యతో సహా రాయండి. ప్రతి రకాన్నీ, అంటే కాకిని కూడా, పావురాన్ని కూడా. ఒకే పిచ్చుక ఐదుసార్లు వచ్చి వెళితే అవి ఐదు పిచ్చుకలు కావు, ఒక్కటే. ఫోను ఉన్నవారు ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో పంపవచ్చు. అది చివర్లో మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది. మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ ఇవేనా అని. ఆ ప్రశ్నకు మీరు నిజాయితీగా "అవును" అనగలిగితే, మీ జాబితా విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఎందుకు పెరుగుతుంది? ఈ ఊరి నుంచి ఈ నెలలో పది జాబితాలు వచ్చాయనుకోండి. ఏడింటిలో పిచ్చుక ఉంది, మూడింటిలో లేదు. ఆ మూడింటిలో ఎందుకు లేదు? రాసినవారు "పిచ్చుకే కదా" అని వదిలేశారా, లేక నిజంగానే పిచ్చుక రాలేదా? వదిలేసి ఉంటే ఆ మూడు జాబితాలు పిచ్చుక విషయంలో దేనికీ పనికిరావు. చూసినవన్నీ రాశామని వారు మాట ఇచ్చి ఉంటే, పదింట ఏడు అన్న అంకెకు అర్థం ఉంది. పదేళ్ళ తరువాత అది పదింట నాలుగైతే, ఏదో జరిగిందని తెలుస్తుంది. అంటే మీరు చూసిన పక్షి ఎంత ముఖ్యమో, మీరు చూడని పక్షి కూడా అంతే ముఖ్యం. లేదు అని చెప్పే హక్కు, ఉన్నవన్నీ రాసినవారికే వస్తుంది. నా నోటు పుస్తకంలో పిచ్చుక లేదు. అక్కడ పిచ్చుక లేదని దాని అర్థం కాదు. నా పుస్తకం అలా అబద్ధం చెబుతోంది. ఆ బాధే నన్ను ఇవాళ ఇక్కడ నిలబెట్టింది.

మాకు పక్షుల పేర్లు రావండీ అంటారు చాలామంది. ఒక్క నిమిషం ఆలోచించండి. కాకి, మాలకాకి, పావురం, పిచ్చుక, గోరింక, రామచిలుక, కోకిల, లకుముకి, తెల్లకొంగ, గద్ద, జెముడుకాకి, పశువు వీపు మీద సవారీ చేసే పసులపోలిగాడు. పన్నెండు అయ్యాయి. ఇందులో ఎవరికి తెలియనిది ఏముంది? యాప్ అడిగేది కూడా మీరు గుర్తుపట్టగలిగినవన్నీ రాశారా అనే కానీ, అక్కడ ఉన్నవన్నీ రాశారా అని కాదు. తెలియనిదాన్ని తెలియదని వదిలేయండి, ఊహించి మాత్రం రాయకండి. కూతను బట్టి పేరు చెప్పే మెర్లిన్ వంటి యాప్‌లు వచ్చాయి, నేర్చుకోవడానికి అవి చాలా మంచివి. కానీ ఫోను చెప్పింది కదా అని రాసేయవద్దు. ఫోను దారి చూపుతుంది, మీరు వెళ్ళి కళ్ళారా చూసో, చెవులారా విని నిర్ధారించుకునో రాయండి.

తప్పు రాస్తే? సరిచూసేవారు ఉంటారు. ఏ ప్రాంతంలో, ఏ నెలలో, ఏ పక్షి ఎంత సంఖ్యలో కనిపించవచ్చో ముందే ఒక అంచనా ఉంటుంది. దాన్ని మించిన నమోదు వస్తే అది పక్కకు వెళుతుంది, ఒక స్వచ్ఛంద పరిశీలకుడు మీకు మర్యాదగా ఉత్తరం రాస్తాడు. నాకూ వచ్చింది. ఒకరోజు సాయంత్రం నాగావళి వంతెన మీంచి నత్తగుల్ల కొంగలు బారులు బారులుగా వెళుతుంటే చూసి, నాలుగు వందలు అని పంపాను. "ఎలా లెక్కపెట్టారండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చూడగానే నాలుగు వందలు ఉంటాయనిపించింది, అంతే. మర్నాడు మళ్ళీ అదే సమయానికి వెళ్ళాను. ఈసారి బారులో మొదటి పది కొంగలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఆకాశంలో ఎంత మేర ఆక్రమించాయో కంటితో కొలత పెట్టుకుని, ఆ కొలతతో మిగిలిన బారునంతా పదులు పదులుగా కొలుచుకుంటూ వెళ్ళాను. నూట అరవై వచ్చింది. ముందురోజు నేను చూసింది కూడా దాదాపు అంతే గుంపు. నా నమోదును సరిదిద్దుకున్నాను. ఆ ఉత్తరం రాసిన వ్యక్తికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

నత్తగుల్ల కొంగల మాట వచ్చింది కాబట్టి, మన జిల్లాకు గర్వకారణమైన రెండు ఊళ్ళ గురించి చెప్పాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఈ నత్తగుల్ల కొంగలు వస్తాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటే, ఆ ఊళ్ళవాళ్ళు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఆ గ్రామస్థులకు చేతులెత్తి నమస్కరించాలి. అయితే ఒక్క మాట సరిదిద్దుకోవాలి. వీటిని మనమందరం సైబీరియా పక్షులు అంటాం. పత్రికల్లోనూ అలాగే వస్తుంది. ఇవి సైబీరియా నుంచి వచ్చేవి కావు. ఈ మూడు రకాలూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. నీరు, మేత, గూటికి చెట్టు చూసుకుని ఈ నేలలోనే ఒక చోటి నుంచి మరో చోటికి తిరుగుతాయి. పైగా అవి ఇక్కడ పిల్లలను చేస్తున్నాయి. ఎక్కడ గూడు పెడితే అదే కదా పుట్టిల్లు?

మరి నిజంగా అంత దూరం నుంచి వచ్చేవి లేవా? ఉన్నాయి. ఒకటి మీ పెరట్లోనే ఉంది. ఇప్పుడు, ఈ ఫిబ్రవరిలో, మీ గోరింటాకు పొదలోనో, మందార చెట్టు అడుగునో, పొద్దున్న పూట టక్, టక్ అని నాలుక కొట్టినట్టు ఒక శబ్దం వినిపిస్తుంది. మనిషి కనిపించగానే ఆగుతుంది. మీరు కదలకుండా నిలబడితే, కాసేపటికి ఆకుల మధ్య ఒక చిన్న మట్టిరంగు పిట్ట, పిచ్చుక కంటే సన్నగా, కంటి మీద లేత గీతతో, కొమ్మ నుంచి కొమ్మకు జరుగుతూ కనిపిస్తుంది. దాని పేరు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. బరువు పది పన్నెండు గ్రాములు. మన రూపాయి బిళ్ళలు మూడు అరచేతిలో పెట్టుకోండి, అంతే. అది ఫిన్లాండ్ మొదలు పడమటి సైబీరియా దాకా ఉన్న నేలల్లో గూడు పెట్టి, పర్వతాలు దాటి, చలికాలానికి మన పెరళ్ళకు వస్తుంది. ఎండలు ముదిరే వేళకు తిరిగి వెళ్ళిపోతుంది. మన సైబీరియా అతిథి అది! అందం లేదని, పెద్ద ఆకారం లేదని దాని కోసం ఎవరూ బస్సు ఎక్కి రారు. అది ఈ ఏడాది మీ పొదలో ఏ తేదీన మొదటిసారి వినిపించింది, ఏ తేదీ తరువాత వినిపించలేదు అన్నది మీరు రాస్తే తప్ప మీ వీధికి సంబంధించి ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి చెప్పి ముగింపుకు వస్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. ఇక్కడ ఉన్నవారికి ఆ రాత్రి గురించి నేను చెప్పనక్కరలేదు. మా అక్కగారిది ఉద్దానంలో ఒక ఊరు. దారులు తెరుచుకున్నాక వెళ్ళాను. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడి ఉన్నాయి, జీడిమామిడి వేళ్ళతో సహా లేచిపోయింది, కొన్ని కొబ్బరి మానులు మాత్రం తల తెగి మోడుల్లా నిలబడ్డాయి. మా అక్క కాలిబాట మీద నిలబడి పైకి చూస్తూ, "సిలకలు ఏటైపోనాయిరా తమ్ముడా?" అని అడిగింది. ఇల్లు కారిపోతోంది, తోట పోయింది, ఆ మధ్యలో ఆవిడకు చిలుకలు గుర్తొచ్చాయి. నేను ఏం చెప్పను? ముందు ఎన్ని ఉండేవో తెలిస్తే కదా ఎన్ని పోయాయో చెప్పడానికి. మోడు మానుల తొర్రల్లో చిలుకలు, పాలపిట్టలు గూళ్ళు పెడతాయి. అందువల్ల కొన్నాళ్ళు వాటికి చోటు పెరిగి ఉండవచ్చు. ఆ మోడులు కొట్టేశాక తగ్గి ఉండవచ్చు. ఏది జరిగిందో జీవశాస్త్రం చదివిన నేను చెప్పలేకపోయాను.

ఆ తరువాత మా అక్క, ఆవిడ మనవడు కలిసి ప్రతి ఆదివారం పొద్దున్న పావుగంట రాస్తున్నారు. అక్కకు చదువు రాదు. ఆవిడ కూత విని పేరు చెబుతుంది, వాడు రాస్తాడు. వాడికి కనిపించనివి ఆవిడకు వినిపిస్తాయి. ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు పెరట్లో గడిపేది ఎవరమ్మా? అంట్లు తోముకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ, బియ్యం చెరుగుకుంటూ పిట్టలను చూసేది మీరే. నూకలు ఏరుకోవడానికి వచ్చే పిచ్చుకల్లో ఏది రోజూ వచ్చేదో మీకు తెలుసు. మన జిల్లాలో ఈ పని బాగా సాగాలంటే దుర్భిణి ఉన్నవారి కంటే ముందు మీరు కావాలి.

రెండు మూడు జాగ్రత్తలు. గూడు దగ్గరకు వెళ్ళవద్దు, ఫొటో కోసం కొమ్మలు వంచవద్దు. ఫోనులో కూత పెట్టి పక్షిని పిలవవద్దు, అది తన చోటులోకి మరొకటి వచ్చిందనుకుని కంగారు పడుతుంది. తేలినీలాపురం వెళితే చెట్ల కింద గట్టిగా మాట్లాడవద్దు. ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఆ నాలుగు రోజుల్లోనే విద్యాసంస్థల ఆవరణల్లోనూ లెక్క జరుగుతుంది, మీ బడి ఆవరణను కూడా రాయించండి. ఒక్కరోజుతో ఆపకుండా, అదే చెట్టు కింద నెలకు ఒకసారైనా రాయించండి. దేశపు మ్యాపు తెరిస్తే నగరాల చుట్టూ జాబితాలు దట్టంగా, పల్లెల్లో పలచగా ఉంటాయి. ఆ పలచదనం పక్షుల్లో లేదు, రాసేవారిలో ఉంది.

ఇప్పుడు టైము ఐదూ ఇరవై. ఇంకో అరగంటలో పొద్దు గుంకుతుంది. ఈ హాలు వెనక రావిచెట్టు మీదకు గోరింకలు చేరే వేళ ఇది, కిటికీలోంచి మీకు గోల వినిపిస్తూనే ఉంది. ప్రశ్నలు అక్కడే అడుగుదురు గాని, అందరం లేచి నెమ్మదిగా, మాట్లాడకుండా చెట్టుకు ఇరవై అడుగుల దూరంలో నిలబడదాం. కాగితం, పెన్సిలు ముందు బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. పైన తేదీ వేయండి, ఊరు రాయండి, మొదలుపెట్టిన సమయం 5:25 అని వేయండి. బాబూ, కిటికీ పక్కన కూర్చున్న నువ్వు, నీకు కాకులు అప్పగిస్తున్నాను. ఎన్ని వస్తాయో ఒక్కటి కూడా వదలకుండా రాయి.